జయపురంలో కారు సర్వీసింగ్: ఒక పాత ఫైనల్ ఇన్‌స్పెక్టర్ రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తాను. చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మెకానిక్ పనికి 5కి 4. వాషింగ్‌కి 5. రిసెప్షన్‌కి 3. ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌కి మొదటి రోజు 1, మర్నాడు 4. షోరూమ్ పేరు మాత్రం రాయను. ఒడిశాలోని ఈ జయపురం లాంటి ఊళ్ళో కంపెనీ సర్వీస్ సెంటర్లు ఎన్నున్నాయి కనక! పేరు రాస్తే, ఈ వ్యవహారంలో అందరికన్నా తక్కువ తప్పున్న ఇన్‌స్పెక్టర్ కుర్రాడి మీదే ముందు పడతారు. ఆ ఉద్యోగంలో అదెలా జరుగుతుందో నాకు బాగా తెలుసు.

ఎందుకంటే నేను చేసిందీ అదే పని. ఆంధ్రా యూనివర్సిటీకి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు విరాళాలిచ్చిన కాలం నుంచీ మా ఊరి తెలుగువాళ్ళకి చదువుకైనా పనికైనా విశాఖ దారే. నేనూ అలాగే వెళ్ళి, ఒక డీలర్ వర్క్‌షాప్‌లో ముందు టెక్నీషియన్‌గా, తరవాత చాలాకాలం ఫైనల్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. రోజంతా సిమెంటు నేల మీద నిలబడి మోకాళ్ళు అరిగాక ఊరికి వచ్చేసి, ఇప్పుడు ఒక కాలేజీ బస్సుల మంచిచెడ్డలు చూసుకుంటున్నాను.

కారు మా అక్కది. చిన్న పెట్రోల్ కారు, 40,000 కిలోమీటర్ల సర్వీసుకి వచ్చింది. నడిపేది మా బావ. ఆయనకి చింతపండు వ్యాపారం, నెలకి నాలుగైదు సార్లు సాలూరు, విజయనగరం వెళ్ళొస్తాడు. అంటే కారు కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి మీదుగా వెళ్ళి సుంకి ఘాట్ దిగుతుంది. తిరిగొచ్చేటప్పుడు సుంకి ఎక్కి, కొరాపుట్ దాటాక మళ్ళీ జయపురం ఘాట్ దిగుతుంది. ఎటు పోయినా దిగుడు తప్పదు. ఈ రివ్యూ మొత్తం ఆ దిగుడు గురించే అనుకోండి.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను టైమ్ రాసుకుని లోపలికి పంపాడు. రిసెప్షన్‌లో ఒడియా అమ్మాయి లేచి నిలబడి "ఆజ్ఞా, బసంతు" అంది. ఏసీ, మంచినీళ్ళు, టీ అన్నీ ఉన్నాయి. కుర్చీలు కూడా బాగానే ఉన్నాయి. వీటి గురించి ఇంతకన్నా రాయను, మనం వెళ్ళేది టీ కోసం కాదు.

సర్వీస్ అడ్వైజర్ మర్యాదస్తుడే, తెలుగు కూడా వచ్చు. కానీ జాబ్ కార్డు దగ్గరే మొదటి పేచీ. నేను చెప్పిన కంప్లైంట్ ఇది: ఘాట్ దిగేటప్పుడు 60 స్పీడ్‌లో మెల్లగా బ్రేక్ నొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, ఊళ్ళో 30, 40 స్పీడ్‌లో తెలియట్లేదు, పొద్దున బండి తీసిన కాసేపటి వరకు అసలు లేదు. అతను కంప్యూటర్‌లో కొట్టింది రెండు మాటలు: "బ్రేక్ చెక్". ఎడమ ముందు చక్రం దగ్గర గతుకుల్లో టక్‌టక్‌మని శబ్దం వస్తోందంటే "సస్పెన్షన్ నాయిస్". ఏసీ వేస్తే ముక్కవాసన వస్తోందంటే "ఏసీ సర్వీస్".

బయటివాళ్ళకి ఇందులో తప్పేమీ కనిపించదు. లోపల పనిచేసేవాడికి ఈ రెండు మాటలతో సగం బండి చేతిలోంచి జారిపోయినట్టే. "బ్రేక్ చెక్" అని ఉంటే టెక్నీషియన్ చక్రం విప్పుతాడు, ప్యాడ్ మందం చూస్తాడు, దుమ్ము ఊదుతాడు, బిగించేస్తాడు. కార్డు ప్రకారం అతని పని అయిపోయింది. చివర్లో చూసే ఇన్‌స్పెక్టర్‌కి కూడా ఏం వెతకాలో తెలియదు. ఎప్పుడు, ఎంత స్పీడ్‌లో, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఈ నాలుగూ కార్డు మీద ఉంటే తప్ప బండి రోగం దొరకదు. నేను పట్టుబట్టి అన్నీ రాయించాను. రిసెప్షన్‌కి 3 ఇచ్చింది అందుకే: అడిగితే రాశారు, అడక్కపోతే రాసేవాళ్ళు కాదు.

తరవాత ఎస్టిమేట్. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, బ్రేక్ ఫ్లూయిడ్ న్యాయమైనవే. వాటి కింద ఇంజన్ ఫ్లష్, ఇంటీరియర్ పాలిష్, ఎలుకల స్ప్రే, ఏసీ ఎవాపొరేటర్ క్లీనింగ్ వరసగా ఉన్నాయి. మొదటి మూడూ కొట్టేయించాను. టైమ్‌కి ఆయిల్ మార్చే బండికి ఫ్లష్ అక్కర్లేదు. నాలుగోదానికి ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూపించమన్నాను. డ్యాష్‌బోర్డ్ గ్లవ్ బాక్స్ వెనక ఉండే ఆ ఫిల్టర్ నిండా చింతతొక్కు పొడి, ఎండుటాకులు. బావ బస్తాలు వెనక సీట్లో వేసుకొస్తున్నాడన్న సంగతి అక్కకి అప్పుడే తెలిసింది. ఫిల్టర్ మారిస్తే వాసన పోయింది. ఎవాపొరేటర్ క్లీనింగ్ డబ్బులు మిగిలాయి, ఇంట్లో మాత్రం కొంచెం గొడవైంది.

బ్రేక్ ఫ్లూయిడ్ గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది "ఇది దేనికండీ, తగ్గలేదు కదా" అని కొట్టేయిస్తారు. బ్రేక్ ఫ్లూయిడ్ తగ్గడం కాదు, గాలిలోని తేమని పీల్చుకోవడం దాని గుణం. కొత్త డాట్ 3 రకం ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ కొలత 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. ఊళ్ళో తిరిగే బండికి ఈ తేడా తెలియదు. సుంకి మలుపుల్లో కాలు తీయకుండా బ్రేక్ తొక్కుకుంటూ దిగేవాడికి చక్రాల దగ్గర వేడి ఆ స్థాయికి చేరితే ఫ్లూయిడ్ లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్ళకోసారి మార్చమని ఎక్కువ కంపెనీలు అనేది అందుకే. కొండ మీద ఉండేవాళ్ళు ఈ ఒక్క లైన్ మాత్రం బిల్లులోంచి తీయించకండి.

టెక్నీషియన్ పని నాకు నచ్చింది. అద్దం వెనక నిలబడి చూశాను. సెమిలిగుడ వైపు కుర్రాడట. డ్రెయిన్ ప్లగ్‌కి పాత వాషర్ వదిలేయకుండా కొత్తది వేశాడు. ఆయిల్ ఫిల్టర్ రబ్బరు రింగుకి కొత్త ఆయిల్ రాసి చేత్తో బిగించాడు. టక్‌టక్ శబ్దం సస్పెన్షన్‌లో ఉండే కడ్డీ, స్టెబిలైజర్ లింక్‌దని తేల్చి, మార్చే ముందు నన్ను లిఫ్ట్ కిందికి పిలిచి ఊపి చూపించాడు. ఎవరూ అడక్కుండానే డ్రైవ్ షాఫ్ట్ బూట్ (గ్రీజు పట్టి ఉంచే రబ్బరు తొడుగు) మీద సన్నటి చీలిక కనిపెట్టి, గ్రీజు ఇంకా బయటికి రాలేదు, వచ్చే సర్వీసుకి మార్చుకోవచ్చు అన్నాడు. ఇప్పుడే మార్చేద్దాం అనలేదు చూడండి, అక్కడే నాకు గౌరవం కలిగింది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే చక్రాల నట్లన్నీ గాలి గన్‌తో టర్రుమని కొట్టేసి వదిలేశాడు. దాని సంగతి కిందకి వస్తుంది.

సాయంత్రం నాలుగున్నరకి మెసేజ్: మీ వాహనం సిద్ధంగా ఉంది. కారు కడిగి తళతళలాడించారు. డోర్ల అంచులు, పెట్రోల్ మూత లోపలి భాగం కూడా తుడిచారు. అందుకే వాషింగ్‌కి 5. అడ్వైజర్ బిల్లు, దాని వెనక ఇన్‌స్పెక్షన్ చెక్‌లిస్ట్ పట్టుకొచ్చి సంతకం పెట్టమన్నాడు.

చెక్‌లిస్ట్ చూశాను. టిక్కులన్నీ ఒకే వాలుతో, ఒకే ఊపులో, పైనుంచి కిందికి. హెడ్‌లైట్లు ఓకే, హారన్ ఓకే, స్టెప్నీ గాలి ఓకే, వెనక వైపర్ ఓకే. అక్క కారు కింది మోడల్, దానికి వెనక వైపర్ లేదు.

రోడ్ టెస్ట్ గడిలో కూడా టిక్ ఉంది. జాబ్ కార్డు మీద పొద్దున రాసిన మీటర్ రీడింగ్ 40,186. తాళం తిప్పి డ్యాష్‌బోర్డ్ చూశాను. 40,186. వాషింగ్ బే నుంచి పార్కింగ్ వరకు తోలితే కిలోమీటరు తిరగదు కదా.

నేను గొంతు పెంచలేదు. ఇన్‌స్పెక్టర్ని పిలవమన్నాను. ఈ మాట అంటే అడ్వైజర్లు కంగారు పడతారు, ఎందుకంటే కస్టమర్లెవరూ ఆ మనిషిని అడగరు. అలాంటి మనిషి ఒకడున్నాడని కూడా చాలామందికి తెలియదు.

ఆ మనిషి పని ఏమిటో కొంచెం చెప్పాలి. వర్క్‌షాప్‌లో బండిని తాకే ప్రతివాళ్ళకీ ఒక తొందర ఉంటుంది. అడ్వైజర్‌కి రోజుకిన్ని కార్డులు, నెలకింత బిల్లు అని టార్గెట్. టెక్నీషియన్‌కి ఎన్ని బళ్ళు దింపితే అంత ఇన్సెంటివ్. వాషింగ్ దగ్గర క్యూ. ఫ్లోర్ ఇన్‌ఛార్జ్‌కి బే ఖాళీ అవ్వాలి. వీళ్ళందరి చివర తొందర లేకుండా నిలబడవలసినవాడు ఫైనల్ ఇన్‌స్పెక్టర్. బండి కింద ప్లగ్, ఫిల్టర్ దగ్గర తడి ఉందా చూడాలి. ఇంజన్ కాసేపు నడిపి ఆపి, ఆయిల్ కిందికి దిగాక డిప్‌స్టిక్ రెండు గీతల మధ్య ఉందా చూడాలి. చక్రాల నట్లు బిగుతు కొలిచే టార్క్ రెంచ్‌తో సరిచూసి, చూసినవాటి మీద మార్కర్‌తో చుక్క పెట్టాలి. బ్యాటరీ ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 14 అటూఇటూ ఉందా చూడాలి. టైర్ల గాలి, స్టెప్నీ, జాకీ, పానా డిక్కీలో తిరిగి పెట్టారా చూడాలి. జాకీ మరిచిపోయి పంపిన బండి దారిలో పంక్చర్ అయితే కస్టమర్ తిట్టేది మెకానిక్‌ని కాదు. చివరికి కార్డు మీద కస్టమర్ మాటలు చదువుకుంటూ, ఆ మాటల్లో చెప్పినట్టే బండి తోలి చూడాలి. బాగోకపోతే తిరిగి బేలోకి పంపాలి.

ఒక్క ముక్కలో చెప్పాలంటే బండిని ఆపడమే వాడి ఉద్యోగం. అందుకే వాణ్ణి ఎవరూ ఇష్టపడరు. విశాఖలో సాయంత్రం అయిదు దాటిందంటే నా చుట్టూ అడ్వైజర్లు మూగేవాళ్ళు. "కస్టమర్ కింద కూర్చున్నాడు, రేపు చూసుకుందాం, సంతకం పెట్టెయ్ గురూ" అని. నెలాఖరు రోజుల్లో మేనేజరే వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాడు. నేను ఆపిన బండికి ఇన్సెంటివ్ పోయిన టెక్నీషియన్ మర్నాడు క్యాంటీన్‌లో నా పక్కన కూర్చునేవాడు కాదు. సంతకం పెట్టేస్తే మాత్రం అందరూ స్నేహితులే. పది రోజుల తరవాత ఆ బండి అదే కంప్లైంట్‌తో తిరిగొస్తే దాన్ని రిపీట్ జాబ్ అంటారు. అప్పుడు కార్డు మీద ఎవరి సంతకం ఉందో వెతుకుతారు.

ఇక్కడి కుర్రాడు వచ్చాడు. పార్వతీపురం మనిషని మాట వింటూనే తెలిసిపోయింది. పాతికేళ్ళు దాటి ఉండవు. నేను చెక్‌లిస్ట్ మీద వెనక వైపర్ గడి చూపించాను, మీటర్ చూపించాను. ఇంకేమీ అనలేదు.

"బళ్ళు ఎక్కువున్నాయి సార్, నేనొక్కణ్ణే ఉన్నాను" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "రోడ్ టెస్ట్‌కి తీసుకెళ్తే గేట్ పాస్ కావాలి. పాస్ అడిగితే డెలివరీ టైమ్ దాటిపోద్దంటారు. నన్నేటి సెయ్యమంటారు?" అన్నాడు.

ఏం చెయ్యమంటాను? నిజమే చెప్పాడు. ఒక్క మనిషికి అన్ని బళ్ళు అప్పగించి, ప్రతి బండినీ తోలి చూసి సంతకం పెట్టమంటే, ముందు తోలడం పోతుంది, సంతకం మిగులుతుంది. తప్పు ఆ లెక్క వేసినవాళ్ళది. మేనేజర్ గారు కూడా వచ్చారు, ఒడియా ఆయన, పెద్దమనిషి. విషయం విని వాదించకుండా "కాలి సకాళే, ఆజ్ఞా" అన్నారు. రేపు పొద్దున ఇన్‌స్పెక్టరే మీతో ఘాట్‌కి వస్తాడు, బండి రాత్రికి ఇక్కడే ఉంచండి అని. ఇలా ఒప్పుకునే మేనేజర్లు తక్కువ. దానికి నా దగ్గర వేరే మార్కుల గడి లేదు గాని, ఉంటే వేసేవాణ్ణి.

మర్నాడు కొరాపుట్ రోడ్డు పట్టుకుని ఘాట్ ఎక్కాం. తోలింది అతనే, నేను పక్క సీట్లో. పైన బండి తిప్పుకుని దిగడం మొదలుపెట్టాం. మొదటి మలుపుల్లో ఏమీ లేదు. నాలుగైదు మలుపులయ్యాక, బ్రేక్ డిస్కులు వేడెక్కాక, 60 దగ్గర మెల్లగా నొక్కమన్నాను. స్టీరింగ్ అతని చేతుల్లో వణికింది. అతని ముఖం చూస్తే నాకు ముచ్చటేసింది. పుస్తకంలో చదివినది చేతికి తగిలినప్పటి ముఖం అది. "ఇది బే లోపల ఎన్నిసార్లు చూసినా దొరకదు సార్" అన్నాడు. దొరకదు మరి.

వెనక్కి వచ్చాక స్పెషల్ టూల్స్ అలమారా తెరిపించి డయల్ గేజ్ తీయించాడు. ముందు చక్రం విప్పి డిస్క్ ముఖానికి గేజ్ ముల్లు ఆనించి మెల్లగా తిప్పితే, డిస్క్ నిటారుగా తిరుగుతోందా, అటూఇటూ ఊగుతోందా తెలుస్తుంది. ఆ ఊగుడు మామూలుగా 0.1 మిల్లీమీటరు లోపే ఉండాలి. ఎడమది ఉంది. కుడిది దాటిపోయింది. వెంట్రుక మందం తేడా, స్టీరింగ్ దాకా వచ్చేసరికి చెయ్యంత వణుకు.

ఎందుకు వచ్చింది? రెండు అనుమానాలు. ఒకటి గాలి గన్. చక్రం నట్లు ఒక్కోటి ఒక్కో బిగుతుతో కొట్టేస్తే డిస్క్ సమంగా కూర్చోదు, వేడెక్కి చల్లారే కొద్దీ ఆ తేడా డిస్క్ మీద అచ్చుపడుతుంది. మోడల్‌ని బట్టి చిన్న కార్ల నట్లకి సుమారు 85 నుంచి 125 న్యూటన్ మీటర్ల మధ్య ఏదో ఒక అంకె కంపెనీ ఇస్తుంది. ఆ అంకెకి టార్క్ రెంచ్‌తో, ఒకదాని ఎదురుగా ఇంకోటి చొప్పున బిగించాలి. మొన్న వేసవిలో బావ రోడ్డు పక్క టైర్ షాపులో టైర్లు మార్పించాడు, అక్కడ గన్ తప్ప ఇంకోటి ఉండదు. ఇక్కడ టెక్నీషియన్ చేసిందీ అదే, ఆ మార్కు పోయిందందుకే.

రెండోది బావ. సుంకి దిగేటప్పుడు పెట్రోల్ ఆదా అని న్యూట్రల్‌లో వదిలేస్తాడు. మా ప్రాంతంలో సగంమంది డ్రైవర్ల అలవాటు ఇది. ఇంజెక్షన్ ఇంజన్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే, కంప్యూటర్ పెట్రోల్ దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజన్ ఆగకుండా ఉండడానికి పెట్రోల్ తాగుతుంది. ఆదా లేకపోగా బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఏ గేర్‌లో ఎక్కుతారో ఆ గేర్‌లోనే దిగండి అని పాత లారీ డ్రైవర్లు చెప్పేది ఇందుకే. ఈ ముక్క బావకి చెప్పే ధైర్యం నాకు లేదు. అక్కకి చెప్పాను, ఆవిడ చూసుకుంటుంది.

ముందు డిస్కులు రెండూ, ప్యాడ్లూ మార్చారు. డిస్కులు ఎప్పుడూ జతగానే మార్చాలి. ఇవి అరిగే సామాను కాబట్టి వారంటీలోకి రావు, అది సబబే. రెండోసారి విప్పినందుకు లేబర్ వేయలేదు. చక్రాల నట్లు ఇన్‌స్పెక్టరే టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా బిగించి పసుపు మార్కర్‌తో గీతలు పెట్టాడు. నాలుగో మార్కు దాకా వెళ్ళి అయిదోది ఎందుకు ఆపానంటే, ఆ రెంచ్ పెట్టె మీద క్యాలిబ్రేషన్ స్టిక్కర్ గడువు ఎప్పుడో అయిపోయింది. అతనికి చూపించాను. తెలుసు సార్, రాసి పంపాను అన్నాడు. పంపే ఉంటాడు. చక్రం విప్పి నట్లు బిగించాక 50, 100 కిలోమీటర్లు తిరిగి మళ్ళీ ఒకసారి సరిచూడాలి, అది మాత్రం నేనే ఇంటి దగ్గర చూశాను, సరిగ్గా ఉన్నాయి.

మొత్తం బిల్లు, డిస్కులతో కలిపి, మొదటి ఎస్టిమేట్‌కి దాదాపు రెట్టింపు అయింది. లేబర్ మీద 18 శాతం జీఎస్టీ వేరే. ఎక్కువ అనిపించలేదు, ఎందుకంటే మార్చిన పాత సామానంతా ఒక అట్టపెట్టెలో పెట్టి డిక్కీలో ఉంచారు. ఇది మీరూ అడగవచ్చు. అడిగితే ఇవ్వాల్సిందే, సామాను మీ డబ్బులతో కొన్నది.

ఇంత రాద్ధాంతం దేనికి, విశాఖలో అయితే ఇలా చేసేవాడివా అని ఒక స్నేహితుడు అడిగాడు. విశాఖలో బండి బాగోకపోతే కస్టమర్ మర్నాడు ఆటో దిగినంత తేలిగ్గా తిరిగొచ్చి అరుస్తాడు. ఇక్కడికి మల్కన్‌గిరి నుంచి, నవరంగ్‌పూర్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి వస్తారు. నా పక్క కుర్చీలో కూర్చున్న ఒక మాస్టారు అలాగే మల్కన్‌గిరి నుంచి వచ్చాడు, చీకటి పడకుండా ఇల్లు చేరాలని నిమిషానికోసారి గడియారం చూసుకుంటున్నాడు. అతనికి రిపీట్ జాబ్ అంటే ఇంకో సెలవు, ఇంకో రోజు, మళ్ళీ అంత రోడ్డు. చాలామంది అసలు తిరిగి రారు, ఆ లోపంతోనే ఏడాది తోలేస్తారు. వర్క్‌షాప్ లెక్కల్లో అది మంచి సర్వీసు కింద జమ అవుతుంది, ఎందుకంటే కంప్లైంట్ రాలేదు. కాబట్టి ఒక ఇన్‌స్పెక్టర్ చాలని లెక్కేసేది పెద్ద ఊళ్ళో పర్వాలేదేమో గాని, ఇక్కడ ఇద్దరుండాలి. ఈ మాట మేనేజర్ గారితోనే అన్నాను. "హెడ్ ఆఫీస్" అని చేతులు పైకి చూపించారు.

వెళ్ళేవాళ్ళు శనివారం, నెలాఖరు వదిలేసి వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళండి. కార్డు ప్రింట్ తీశాక మీ మాటలు మీ మాటల్లాగే ఉన్నాయో లేదో చదవండి. భాష ఇబ్బంది అయితే తెలుగులోనే చెప్పండి, అక్కడ అర్థం చేసుకునేవాళ్ళు ఉన్నారు. బండి ఇచ్చేటప్పుడు మీటర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. తీసుకునేటప్పుడు అదే అంకె కనిపిస్తే అడ్వైజర్‌తో గొడవ పడకండి, ఇన్‌స్పెక్టర్ని పిలిచి ఒక్కసారి నాతో తోలి చూపించండి అనండి. ఆ కుర్రాడు వస్తాడు. నిజానికి అలా అడిగే కస్టమర్ ఉంటేనే అతనికి గేట్ పాస్ దొరుకుతుంది.

బయటికి వస్తుంటే అడ్వైజర్ వెంటపడ్డాడు: "సార్, కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, పదికి పది చెప్పండి, తొమ్మిదైనా మాకు సున్నా కిందే లెక్క." ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను ఎనిమిది చెప్పాను. తక్కువ ఎందుకని అడిగితే, రెండో ఇన్‌స్పెక్టర్ని పెట్టమని రాసుకోమన్నాను. అవతలి అమ్మాయి "ఇతర కారణాలు" అని నొక్కుకుంటానంది.

వీల్ అలైన్‌మెంట్ మాత్రం కాలేదు. మెషిన్ రిపేర్‌లో ఉంది, బాగయ్యాక ఫోన్ చేస్తామన్నారు. బిల్లులో వేసిన ఆ డబ్బులు అడగ్గానే తీసేశారు. అలైన్‌మెంట్ ఫోన్ ఇంకా రాలేదు, రేటింగ్ అడిగే ఫోన్ మాత్రం మళ్ళీ వచ్చింది.